జీపులో సీబీ రేడియో పెట్టుకోవాలంటే లైసెన్స్ కావాలా?

కమాండర్_చంద్రగిరి

అందరికీ నమస్తే. తిరుపతి, చంద్రగిరి, పాకాల వాళ్ళం ఒక ఆరు బండ్లు కలిసి నెలకో ఆదివారం బయటికి పోతుంటాం. మట్టి దారులు, ఏటి ఇసుక, చెరువు కట్టలు, అంతే, పెద్ద సాహసాలేం కాదు. నాది పాత కమాండర్ జీపు, మిగతావి రెండు థార్లు, ఒక జిమ్నీ, రెండు బొలెరోలు. పోయిన నెల తలకోన వైపు పోయినప్పుడు భాకరాపేట ఘాట్ దాటాక చూస్తే నా వెనక రావాల్సిన బొలెరో లేదు. ఫోన్ చేస్తే అందుబాటులో లేదు అంటుంది. నెరబైలులో టీ కొట్టు ముందు గంటన్నర నిలబడ్డా. రెండు టీలు, ఒక ప్లేటు బోండాలు అయిపోయాయి, టెన్షన్ మాత్రం తగ్గలేదు. అక్కడ వాళ్ళేమో ఘాట్‌లోనే రేడియేటర్ గొట్టం పగిలి ఆగిపోయి, నేను వెనక్కి వస్తానని చూస్తూ కూర్చున్నారు. నేనేమో వాళ్ళు ఇంకో దారిన ముందుకు పోయుంటారని అనుకున్నా.

ఈ గొడవంతా మా బావమరిదికి చెప్తే (టెక్సాస్‌లో ఉంటాడు, సంక్రాంతికి వస్తున్నాడు), "దీనికింత బాధ దేనికి బావా, ఇక్కడ లారీలవాళ్ళు, జీపులవాళ్ళు సీబీ రేడియో (బండ్ల మధ్య మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్) వాడతారు, లైసెన్స్ గిసెన్స్ ఏమీ అక్కర్లేదు, 40 చానెళ్ళ సెట్లు రెండు తెస్తాలే" అన్నాడు. ఆశగానే ఉంది. కానీ మన ఊళ్ళో బండికి వైర్‌లెస్ సెట్ బిగించుకుని తిరిగితే ఎవరైనా ఊరుకుంటారా? చట్టం ఏమంటుంది? తెలిసినవాళ్ళు చెప్పండి, "గూగుల్ చెయ్" అనేవాళ్ళకి ముందే దండం.

తిరుచానూరు_కుర్రోడు

అన్నా, బండికో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి, నెరబైలులో బోండాలు మిగుల్తాయి 😄

కమాండర్_చంద్రగిరి

మా దగ్గర మూడు కంపెనీల సిమ్‌లూ ఉన్నాయి తమ్ముడూ. ఆ మలుపుల్లో మూడూ సమానమే.

హ్యామ్_కొర్లగుంట

మీ బావమరిది చెప్పింది సగం నిజం, ఆ సగం కూడా వాళ్ళ ఊరి నిజం. కొంచెం పొడుగ్గా చెప్తా, ఏమనుకోవద్దు.

మన దేశంలో కూడా సీబీకి లైసెన్స్ అక్కర్లేదు. ఇది చాలామందికి తెలీదు, పోలీసువాళ్ళలో కూడా తక్కువమందికే తెలుసు. 2005లో కేంద్రం జీఎస్ఆర్ 168(ఇ) అని ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న సిటిజన్ బ్యాండ్‌లో 5 వాట్ల లోపు సెట్ అయితే ఎవరైనా లైసెన్స్ లేకుండా పెట్టుకోవచ్చు, వాడుకోవచ్చు. ఆ 5 వాట్లు కూడా యాంటెన్నా నుంచి బయటికి పోయే పవర్ లెక్క, సెట్ పెట్టె మీద రాసిన అంకె ఒక్కటే చూస్తే చాలదు. దానికో మెలిక కూడా ఉంది. ఆ బ్యాండ్ నీ సొంతం కాదు, అందరిదీ. నీ సెట్ వల్ల లైసెన్స్ ఉన్నవాడెవడికైనా అడ్డం వస్తే ఆపాల్సింది నువ్వే. నీకు ఎవడైనా అడ్డం వస్తే మాత్రం ఎక్కడా ఫిర్యాదు చేసుకోలేవు.

అసలు చిక్కు ఇక్కడుంది: లైసెన్స్ నీకు అక్కర్లేదు గానీ సెట్‌కి కాగితం కావాలి. ఈటీఏ అంటారు, టెలికాం శాఖలో డబ్ల్యూపీసీ అనే విభాగం ఇస్తుంది, ఫలానా మోడల్ మన దేశపు లెక్కల్లో ఉందని ఒప్పుకున్నట్టు. ఇక్కడ అమ్మేవాడు దాని నంబర్ చూపించాలి. టెక్సాస్ దుకాణంలో కొన్న సెట్‌కి వాళ్ళ ఎఫ్‌సీసీ ముద్ర (అక్కడి రేడియో అధికారులది) ఉంటుంది, అది ఇక్కడ చెల్లదు. చెన్నై ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు పెట్టె తెరిచి ఇదేంటని అడిగితే మీ బావమరిది ఏం చూపిస్తాడు?

ఇంకోటి. అమెరికా సీబీ 40 చానెళ్ళు 26.965 దగ్గర మొదలై 27.405 దాకా పోతాయి. మన బ్యాండ్ 27.283 దగ్గరే ఆగిపోతుంది. 27వ చానెల్ 27.275 మీద ఉంది, అది లోపలే. 28వ చానెల్ 27.285, అంటే గీత దాటినట్టే. కాబట్టి ఆ సెట్లో 28 నుంచి 40 దాకా ఏ చానెల్‌లో మైక్ నొక్కినా తప్పే. వాళ్ళ సెట్లలో ఎస్‌ఎస్‌బీ అని ఇంకో రకం ప్రసారానికి మీట ఉంటుంది, దాంట్లో అక్కడ 12 వాట్ల దాకా ఒప్పుకుంటారు. మామూలు ఏఎమ్ అయితే 4 వాట్లే, అది మన 5లో సరిపోతుంది. ఎస్‌ఎస్‌బీ జోలికి పోతే సరిపోదు.

రేణిగుంట_డీజిల్

ఇంత చాదస్తం ఎందుకు సార్. ఆన్‌లైన్‌లో పదిహేను వందలకు రెండు వాకీటాకీలు వస్తున్నాయి, మొన్న మా పెదనాన్న కొడుకు పెళ్ళిలో క్యాటరింగ్ వాళ్ళు వాడారు, వడ్డన దగ్గర ఒకడు, వంట దగ్గర ఒకడు. ఎవడూ పట్టుకోలే. ఎవడు చూస్తాడు?

హ్యామ్_కొర్లగుంట

పెళ్ళి మండపంలో ఎవరూ చూడరు, నిజమే. ఆ సెట్లు చాలావరకు 400 నుంచి 470 మెగాహెర్ట్జ్ మధ్య ఎక్కడపడితే అక్కడ మాట్లాడతాయి, డబ్బాలోంచి తీసేసరికే ఏవో ఫ్రీక్వెన్సీలు వేసి ఉంటాయి. అవి ఇక్కడ ఇంకెవరికో లైసెన్స్ ఇచ్చినవి అయ్యుంటాయి, అది సెక్యూరిటీ కంపెనీ కావచ్చు, పోలీసులే కావచ్చు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ సెట్లు అమ్ముతున్నందుకే ఆన్‌లైన్ దుకాణాలకు 13 నోటీసులు ఇచ్చింది. లైసెన్స్ కావాలో వద్దో చెప్పకుండా, ఈటీఏ లేకుండా అమ్ముతున్నారని. ఆ తర్వాత వాటి అమ్మకానికి మార్గదర్శకాలు కూడా తెచ్చారు.

వాకీటాకీలే కావాలంటే 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ లోపలే పనిచేసే సెట్లు ఉన్నాయి. 2018లో వచ్చిన రూల్స్ ప్రకారం వాటికీ లైసెన్స్ అక్కర్లేదు, కానీ ఈటీఏ వీటికీ ఉండాలి. ధర కొంచెం ఎక్కువ, పవర్ తక్కువ. అందుకే జనం పదిహేను వందల వాటి వెంట పడతారు.

కోడూరు_దారిలో

ఎవడు చూస్తాడు అన్న తమ్ముడికి నా అనుభవం చెప్తా.

మూడేళ్ళ కింద మేం నాలుగు బండ్లలో కోడూరు వైపు నుంచి తిరుపతికి వస్తున్నాం, తెల్లారి ఐదు కావొస్తోంది. చేతిలో అదే రకం చవక సెట్లు నాలుగు. ఒక చెక్‌పోస్టు దగ్గర (ఏదో చెప్పను) ముందు బండి ఆపారు. లోపల మా వాడు డ్యాష్‌బోర్డు మీద సెట్ పెట్టుకున్నాడు. వాళ్ళు మాట్లాడుతుండగానే, వెనక బండిలోంచి నేను తెలీక బటన్ నొక్కి "రూటు క్లియరా?" అన్నా. ఆ మాట వాళ్ళ ఎదురుగా, ఆ సెట్లోంచి, పెద్దగా వినపడింది.

మీరే ఆలోచించండి. శేషాచలం అంచున, చీకట్లో, ముందొక బండి, వెనక మూడు బండ్లు, రూటు క్లియరా. ఎర్రచందనం వాళ్ళు పైలట్ బండి పెట్టుకుని వచ్చేది సరిగ్గా ఇట్లాగే. నాలుగు బండ్లూ పక్కకు తీయించి, సీట్ల కింద, స్టెప్నీ కింద, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బాతో సహా చూశారు. దుంగలు ఉంటే కదా. అయినా సెట్లకి బిల్లు చూపించమన్నారు, బిల్లు ఉంది. దాని మీద ఈటీఏ నంబరో ఏదో ఉండాలన్నారు, అది లేదు. మధ్యాహ్నం రెండు దాకా ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, చివరికి సెట్లు తీసుకుని పంపారు. వాళ్ళని తప్పుపట్టను, ఆ అడవిలో రాత్రిపూట వాళ్ళ పని వాళ్ళది. కానీ ఆ రోజు నుంచి నేను అడవి పక్కన రేడియో అంటే ముందు కాగితం అడుగుతా.

ఇంకో సంగతి: లైసెన్స్ అక్కర్లేని రేడియో ఉన్నంత మాత్రాన అడవిలోకి పోవడానికి పర్మిషన్ వచ్చినట్టు కాదు. రిజర్వ్ ఫారెస్ట్‌లో రోడ్డు దిగి బండి పోనిస్తే అది వేరే కేసు.

సీటు_నంబర్_రెండు

నేను మా ఆయన పక్కన కూర్చుని మ్యాప్ చూసే మనిషిని, కాబట్టి మైక్ నాదే. ఇక్కడ అందరూ ఫ్రీక్వెన్సీల గురించి మాట్లాడుతున్నారు గానీ మైక్ ఎవరి చేతిలో ఉంటుందో ఎవరూ అడగలేదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో, 2019 సవరణ తర్వాత, డ్రైవ్ చేస్తూ చేత్తో పట్టుకుని మాట్లాడే కమ్యూనికేషన్ పరికరం వాడటం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది. అందులో ఫోన్ అని రాయలేదు, పరికరం అని రాశారు. వాకీటాకీ పట్టుకుని స్టీరింగ్ తిప్పే అన్నలు గమనించండి. పక్కన మనిషి ఉంటే ఆ మనిషికి ఇవ్వండి, లేకపోతే ఆగి మాట్లాడండి.

ఇక మాట్లాడటం గురించి. బటన్ నొక్కగానే మాట్లాడకూడదు, ఒక క్షణం ఆగాలి, లేకపోతే మొదటి అక్షరాలు పోతాయి. మాట పూర్తయ్యాక కూడా ఒక క్షణం ఆగే వేలు తీయాలి. ఇది మన తెలుగువాళ్ళకి మరీ ముఖ్యం, ఎందుకంటే మన "వద్దు" అంతా మాట చివర్లో ఉంటుంది. ఒకసారి స్వర్ణముఖి ఇసుకలో మేం దిగబడ్డాక, వెనక జిప్సీకి నేను "ఇటు రావద్దు" అని చెప్తూ తొందరలో వేలు తీసేశా. వాళ్ళకి వినపడింది "ఇటు రా". వచ్చారు. రెండు బండ్లూ లాగడానికి ఊళ్ళోంచి ట్రాక్టర్ తెచ్చుకున్నాం, పన్నెండు వందలు. ఆ రోజు నుంచి మా గుంపులో రూల్: వద్దు అని చెప్పాలంటే "ఆగు, ఆగు" అనే అనాలి.

కమాండర్_చంద్రగిరి

వదినా 😂😂 ఇది మాత్రం రాసి డ్యాష్‌బోర్డుకి అంటిస్తా.

కొర్లగుంట సార్, చాలా థాంక్స్. ఇంకో రెండు డౌట్లు. బావమరిది సెట్ వద్దనుకుందాం, ఇక్కడే ఈటీఏ ఉన్న సీబీ దొరికితే, దానికి బుల్ బార్ (బండి ముందు ఇనుప గార్డు) మీద పొడుగు యాంటెన్నా బిగించుకోవచ్చా, అమెరికా వీడియోల్లో చూపిస్తారు కదా. రెండోది, పాకాలలో ఒక ఎలక్ట్రానిక్స్ ఆయన "బూస్టర్ పెట్టిస్తా, తిరుపతి నుంచి మదనపల్లెకు మాట్లాడొచ్చు" అంటున్నాడు. నిజమేనా?

హ్యామ్_కొర్లగుంట

ముందు బూస్టర్ సంగతి. 5 వాట్లు దాటిన క్షణం ఆ మినహాయింపు పోతుంది, అప్పుడు నీ దగ్గర ఉన్నది లైసెన్స్ లేని ట్రాన్స్‌మిటర్. పాత 1933 వైర్‌లెస్ చట్టంలోనే లైసెన్స్ లేని ట్రాన్స్‌మిటర్‌కి మూడేళ్ళ దాకా జైలు ఉంది. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది, 2024 జూన్ నుంచి విడతలుగా అమలు చేస్తున్నారు.

చట్టం పక్కన పెట్టినా ఇంకో కారణం ఉంది, ఇది మన జిల్లాకే ప్రత్యేకం. చవక బూస్టర్లు అడిగిన ఫ్రీక్వెన్సీతో పాటు దానికి రెట్టింపు దగ్గర కూడా చెత్త వదుల్తాయి. 27కి రెట్టింపు 54. గాదంకి టోల్‌గేట్ మీదుగా చిత్తూరు పోతుంటారు కదా, అక్కడే వాతావరణ పరిశోధన సంస్థ ఎన్‌ఏఆర్‌ఎల్ ఉంది, వాళ్ళ ఎంఎస్‌టీ రాడార్ నడిచేది 53 మెగాహెర్ట్జ్ మీద. పైన గాలి కదలికల నుంచి తిరిగొచ్చే అతి సన్నని సంకేతాన్ని పట్టుకునే యంత్రం అది. దాని పక్కనే ఉన్న ఫ్రీక్వెన్సీలో, అదీ పాకాలలో కూర్చుని, బూస్టర్ పెట్టి అరవడం ఎంత తెలివైన పనో మీరే చూసుకోండి. ఆయన్ని టీవీలు బాగుచేసుకోమనండి.

యాంటెన్నా. 27 మెగాహెర్ట్జ్ అంటే అల పొడవు 11 మీటర్లు, దాంట్లో నాలుగో వంతు యాంటెన్నా కావాలంటే రెండుంబావు మీటర్లు కూడా చాలదు, 2.75 మీటర్లు, తొమ్మిది అడుగులు. వీడియోల్లో గాల్లో ఊగే కర్రలు అవే. పొట్టివి కూడా ఉంటాయి, మధ్యలో కాయిల్ చుట్టి, కానీ పనితనం తగ్గుతుంది. సెట్ ఏ యాంటెన్నాతో ఈటీఏ తెచ్చుకుందో కాగితంలో చూసి అదే వాడండి, వేరేది బిగిస్తే ఆ కాగితం నీకు అండగా నిలబడదు. బుల్ బార్ అయితే అసలే వద్దు, 2017 చివర్లోనే కేంద్ర రవాణా శాఖ వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది. ఉన్న తప్పుకి యాంటెన్నా జెండా కట్టినట్టవుతుంది.

నిజం చెప్పాలంటే ఆరు బండ్లు ఒకదాని వెనక ఒకటి పోయేదానికి నేనైతే 446 సెట్లే తీసుకుంటా. ఘాట్ మలుపుల్లో కిలోమీటరు కూడా రాదు, ఒప్పుకుంటా. సీబీ కొండ మలుపుల్లో, చెట్ల మధ్య ఇంకొంచెం నయం, 27 మెగాహెర్ట్జ్ అల ఆకులకి అంతగా చావదు. కానీ ఈటీఏ ఉన్న సీబీ సెట్ ఇక్కడ వెతికి పట్టుకోవడమే ఒక ట్రిప్పు. 446తో అయితే దూరం పెంచకుండా, వెనక బండి లైట్లు అద్దంలో కనపడేంతలో నడిపితే చాలు. మీ బొలెరో ఆగిపోయినప్పుడు మీరు ఎంత ముందున్నారు?

కమాండర్_చంద్రగిరి

సార్, నిజం చెప్పాలా. చాలా ముందున్నా. ఘాట్‌లో కొంచెం స్పీడెక్కా.

కోడూరు_దారిలో

హహ. రేడియో ప్రాబ్లం కాదు అయితే.

పలమనేరు_రైతు

మధ్యలో వస్తున్నా. కౌండిన్య అడవి వైపు ఎవరైనా బండ్లతో వచ్చేవాళ్ళు రాత్రిపూట రేడియో సౌండ్ పెంచి పెట్టుకుని పొలాల పక్కన ఆగకండి. ఏనుగులు దిగే కాలంలో మేం చెవులు పెట్టుకుని కూర్చుంటాం, కొమ్మ విరిగిన చప్పుడు కోసం. మీ గర్ గర్ వినపడితే అది ఏనుగో మీరో తెలీదు.

సీటు_నంబర్_రెండు

ఇది నేను ఆలోచించనే లేదు అన్నా. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాం.

హ్యామ్_కొర్లగుంట

దూరం కావాలి, కొండ అవతలికి మాట పోవాలి అనుకునేవాళ్ళకి సక్రమమైన దారి హ్యామ్ (అభిరుచి కోసం రేడియో వాడేవాళ్ళ) లైసెన్స్. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మా హ్యామ్‌లకి ఇచ్చారు, ఎత్తు మీద రిపీటర్ (మాటని అందుకుని మళ్ళీ పంపే సెట్) అందితే బండిలోంచి చాలా దూరం పోతుంది. సరళ్ సంచార్ పోర్టల్‌లో అప్లై చేసి, చిన్న పరీక్ష రాయాలి, కింది గ్రేడుకి మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. పరీక్షకి మనకి దగ్గర చెన్నై. చదువుకోవడానికి సాయం కావాలంటే హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నుంచి ఇదే పని. అయితే గుర్తుపెట్టుకోండి, లైసెన్స్ మనిషికి, బండికి కాదు. ఆరు బండ్లలో మాట్లాడాలంటే ఆరుగురూ రాయాలి. మీలో ఒకరు పాసై మిగతా ఐదుగురికి సెట్లు పంచితే మళ్ళీ మొదటికే.

కమాండర్_చంద్రగిరి

రాత్రి గుంపులో అందరికీ చెప్పా. పరీక్ష అనగానే ముగ్గురు ఫోన్లు సైలెంట్‌లో పెట్టారు. జిమ్నీ ఆయన కూతురు మాత్రం నేను రాస్తా అంది, తనకి పోయిన నెలే పన్నెండు నిండాయి. పన్నెండేళ్ళకే రాయొచ్చంట కదా, చూశాను.

ప్రస్తుతానికి 446 సెట్లు ఆరు, ఈటీఏ నంబర్ బిల్లు మీద వేసిచ్చేవాడి దగ్గరే. బిల్లు, ఈటీఏ కాగితం రెండూ జిరాక్స్ తీసి ఒక్కో బండిలో ఆర్సీతో పాటు పెడుతున్నాం. అలిపిరి పైకి పోయే రోజు సెట్లు ఇంట్లోనే. "రూటు క్లియరా" అన్న మాట నిషేధం, కోడూరు అన్న పేరు మీద. "ఆగు, ఆగు" అన్నది మాత్రం వదిన పేరు మీద.

బావమరిదికి సీబీ వద్దని చెప్పా. పాపం బాగా డీలా పడ్డాడు, అప్పటికే రెండు సెట్లు కార్ట్‌లో పెట్టుకున్నాడంట. ఆ బరువులో జీపు లాగే నైలాన్ బెల్టు ఒకటి తెమ్మన్నా. సార్, దానికేమీ ఈటీఏ అక్కర్లేదు కదా?